బాస్గో కొండమీది మట్టి కోట

లేహ్ పట్టణమునుండి శ్రీనగరమువైపు పోవు రహదారి కొంతదూరము సింధునది వెంట నడచి, కొంతదూరము నదిని విడిచి బయలునేలమీద సాగి, నిమ్మూ గ్రామము వద్ద మరల నదిని కలిసికొనును. దక్షిణమునుండి వచ్చు జాంస్కర్ నది అక్కడనే సింధువులో పడును. రెండు నదుల నీళ్లును వెంటనే కలిసిపోక, కొంతమేర దేని రంగు దానిదిగా ప్రవహించుటను చూచుటకు యాత్రికులందరును బండ్లు ఆపుదురు. అటనుండి కొలది కిలోమీటర్లలోనే బాస్గో ఉన్నది. లేహ్‌కు సుమారు 40 కిలోమీటర్లు. అక్కడ ఆగువారు తక్కువ. ఎక్కవలసిన దారి నిట్టనిలువుగా నుండుటయు, గాలి పలుచనై నాలుగడుగులకే రొప్పు వచ్చుటయు అందుకు కారణములు కావచ్చును.

రోడ్డు మలుపు తిరిగినంతనే పసుపు కలిసిన మట్టిరంగు కొండలు ఎదురగును. గాలికి, మంచుకు, ఎన్నడో పడిన వానలకు కోసికొనిపోయి అవి చీలికలు చీలికలుగా నిలిచియున్నవి. ఆ చీలికలమీద బురుజులు, మొండిగోడలు, వానినడుమ తెల్లసున్నము పూసిన కట్టడములు కొన్ని కనుపించును. ఏది కొండయో, ఏది గోడయో చూపరికి మొదట తెలియదు. కొండ ఏ మట్టిదో గోడయు ఆ మట్టిదే. క్రింద లోయలో బార్లీ చేలు, ఆప్రికాట్ తోటలు, పోప్లార్ చెట్ల వరుసలు పచ్చగా నుండును. ఆ పచ్చదనము దాటి ఒక అడుగు పైకి వేసినచో గడ్డిపరక కూడ దొరకదు.

కోట యనగానే తెలుగు విద్యార్థి కంటిముందు నిలుచునది గోలకొండయో, కొండవీడో, గండికోటయో. అవి రాతి కోటలు. రాజులు పోయినను, కాపలా లేకున్నను, ముళ్లపొదలు మొలచినను రాయి తన చోటున తాను కూర్చుండును. బాస్గో కోట అట్టిది కాదు. దానికి పునాదివరుసలు రాయి, పైనున్నదంతయు ఎండబెట్టిన పచ్చి ఇటుక. దానిని ప్రతి తరమువారును, ఇంకను సరిగా చెప్పవలెనన్న ప్రతియేటివారును, మరల నిలబెట్టుకొనవలసినదే. ఈ కోట కథలోని కష్టమంతయు ఇందులోనే ఉన్నది.

పదునైదవ శతాబ్దములో లడఖ్ రాజ్యము రెండుగా నుండెను. ఎగువ భాగమునకు లేహ్, షే ముఖ్యస్థానములు. దిగువ భాగమునకు బాస్గో, తింగ్‌మోస్గాంగ్. ఆ శతాబ్దపు ఉత్తరార్ధములో బాస్గో పాలకుడు భగన్ ఎగువ రాజ్యమును జయించి రెంటిని ఒకటిగా చేసెను. ఆతని వంశమువారు నమ్‌గ్యాల్ అను బిరుదమును ధరించిరి. ఆ మాటకు విజయుడు అని అర్థము. పందొమ్మిదవ శతాబ్దమున డోగ్రాలు వచ్చువరకు లడఖ్‌ను ఏలినది ఈ వంశమే. కనుక బాస్గోను ఒక మూలనున్న కొండకోటగా భావించుట సరికాదు. లడఖ్ ఒకే రాజ్యముగా నిలిచిన చరిత్ర ఇక్కడ మొదలైనది.

ఈ వంశములో జామ్యాంగ్ నమ్‌గ్యాల్ అను రాజు బాల్టిస్తాన్ పాలకుడైన అలీ మీర్ చేతిలో ఓడి చెరపడెను. చెరపట్టినవాడే తన కుమార్తె గ్యాల్ ఖాతూన్‌ను ఆతనికిచ్చి వివాహము చేసి, రాజ్యమునిచ్చి పంపెను. ఓడిన రాజు అల్లుడై తిరిగివచ్చెను. మహమ్మదీయురాలైన ఆ రాణి కడుపున పుట్టినవాడే సెంగ్గె నమ్‌గ్యాల్. బౌద్ధ విహారములు కట్టించుటలో లడఖ్ రాజులలో ఆతనిని మించినవారు లేరు. లేహ్‌లో పట్టణము మీదికి ఒరిగినట్లు నిలిచియున్న తొమ్మిది అంతస్తుల రాజభవనము ఆతని పేరుతోనే ప్రసిద్ధమైనది. బాస్గోలో తండ్రి మొదలుపెట్టిన సెర్‌జాంగ్ ఆలయమును పూర్తిచేసినవాడును ఆతడే. సెర్ అనగా బంగారము, జాంగ్ అనగా రాగి. బంగారు పూతగల రాగి మైత్రేయ విగ్రహము అందున్నది. పేరు అందువలన వచ్చినదే.

కోట పరీక్షకు గురియైనది 1679లో ఆరంభమైన యుద్ధమున. టిబెట్టు పక్షమున మంగోలు సేనాని గాల్దన్ త్సెవాంగ్ నడిపించిన సైన్యము లడఖ్ మీదికి వచ్చెను. రాజు దెలెక్ నమ్‌గ్యాల్ లేహ్‌ను విడిచి బాస్గోకు తగ్గెను. శత్రువు కోటను చుట్టుముట్టెను. ముట్టడి మూడేండ్లు సాగెనని లడఖీలు చెప్పుకొందురు. కొండలోపల నీటి వసతి, కొట్లలో ధాన్యము ఉన్నందున కోట లొంగలేదు. తుదకు రాజు కాశ్మీరములోని మొగలుల సాయమును కోరెను. ఔరంగజేబు పాలనాకాలమది. మొగలు సేన వచ్చి ముట్టడిని తొలగించినది కాని, ఆ సాయము ఊరక రాలేదు. లేహ్‌లో మసీదు నిలుపుటకు రాజు అంగీకరింపవలసివచ్చెను. 1684లో తింగ్‌మోస్గాంగ్ వద్ద జరిగిన సంధివలన పశ్చిమ టిబెట్టులోని సీమలు లడఖ్ చేజారినవి. శాలువలకు వాడు మేలిరకపు మేక ఉన్ని వ్యాపారము కాశ్మీరమునకు దక్కినది. రాజ్యము సగమైనది, కోట మాత్రము నిలిచినది.

ఆ సైన్యములు చేయలేని పనిని తరువాత నీటిబొట్టు చేసినది. అది ఎట్లు జరిగినదో తెలియవలెనన్న ఈ కట్టడములు ఎట్లు కట్టబడునో కొంత తెలియవలెను.

లడఖ్ హిమాలయముల వెనుకనున్న వర్షచ్ఛాయా ప్రాంతము. దక్షిణమునుండి వచ్చు మేఘములు తమ బరువంతయు ఇవతలి వాలులమీదనే దించి, అవతలికి ఉత్తచేతులతో పోవును. లేహ్‌లో ఏడాది మొత్తముమీద పడు వాన, మంచు కలిపినను సగటున 100 మిల్లీమీటర్లకు అటునిటు. కరవుసీమగా పేరుపడిన అనంతపురములోనైనను 500 మిల్లీమీటర్లకు పైగా పడును. ఇంత పొడినేలలో మట్టికట్టడము ఎంత ఎత్తుకైనను లేవగలదు. క్రింద వెడల్పుగా మొదలై, పైకి పోవుకొలది లోనికి వాలుచు సన్నబడు గోడలు కట్టుదురు. గోడమీద పోప్లార్ దూలములు వేయుదురు. దూలముల మీద అడ్డముగా విల్లో కర్రలు దగ్గరదగ్గరగా పరతురు. వానిమీద ఎండుగడ్డి, ముళ్లకంప పొర. ఆపైన మట్టి. మట్టిమీద మర్కలక్ అను జిగటమట్టి పూత. ఈ మర్కలక్ నీరు తగిలినప్పుడు ఉబ్బి సందులు మూసికొని, క్రిందికి చుక్క దిగనీయదు.

రాయలసీమలోని మట్టిమిద్దెలు ఎరిగినవారికి ఇది క్రొత్తగా తోచదు. అక్కడను దూలములు, దంతెలు, వానిమీద కంపయు బోదయు, ఆపైన మట్టి, అన్నింటి పైన చౌడు. వానకాలమునకు ముందు చౌడుమట్టి తెచ్చి మిద్దెమీద చల్లి సరిచేయుట ఇంటింటి పని. ఆ పని ఒక ఏడు మానినచో కురియును, రెండేండ్లు మానినచో దూలము చీకును. వేల కిలోమీటర్ల దూరములో, భాష తెలియని రెండు జనములు ఎండనేలలో ఒకే ఉపాయమును కనుగొనిరి. ఆ ఉపాయముతోపాటు ఒకే చాకిరియు వారికి తప్పినది కాదు.

1834లో జమ్మూ రాజైన గులాబ్ సింగ్ సేనాని జొరావర్ సింగ్ లడఖ్‌పై దండెత్తెను. నమ్‌గ్యాల్ వంశము రాజ్యమును కోల్పోయి, సింధునది కావలియొడ్డున స్తోక్ గ్రామమునకు చేరెను. బాస్గో కోటలో నివసించు రాచకుటుంబము లేదు, కాపలా దండు లేదు. ఊరివారు ఆలయములలో దీపము వెలిగించుచు వచ్చిరి. రాజగృహమును మాత్రము ఎవరును పట్టించుకొనలేదు. కప్పుమీది మట్టి ఎండకు నెరియలు వారినది. శీతకాలపు మంచు ఆ నెరియలలో చేరి, పగటి యెండకు కరగి, రాత్రి మరల గడ్డకట్టి, నెరియను వెడల్పు చేసినది. నీరు దూలము తలను తాకినది. దూలము చీకి వంగినది. కప్పు పడినది. కప్పు లేని పచ్చియిటుక గోడకు ఆయువు ఎంత? పైవరుస కరగి క్రిందివరుస మీదికి జారును. మొత్తము గోడ మట్టిదిబ్బయై కొండలో కలిసిపోవును. నేడు కనుపించు మొండిగోడలు ఆ విధముగా మిగిలినవి.

ఆలయములకును అదే గతి పట్టవలసినది. ముఖ్యమైనది చంబా లఖాంగ్, అనగా మైత్రేయుని ఆలయము. రాబోవు బుద్ధుని మట్టివిగ్రహము రెండంతస్తుల ఎత్తున కప్పును తాకుచున్నట్లుండును. వాకిటనుండి చూచువానికి మొదట విగ్రహము ముఖము కనుపించదు. లోనికి పోయి తలయెత్తవలెను. గోడలనిండ పదునారవ శతాబ్దమునాటివని పండితులు తలచు చిత్రములు. బుద్ధులు, గురువులు, రక్షక దేవతలు, దాతలైన రాజకుటుంబీకులు, ఒకరిప్రక్కన ఒకరు, వ్రేలు పెట్టుటకు సందు లేకుండ. ఎరుపు, నీలము, బంగారు వన్నెలు ఆ చీకటిలో కన్ను అలవాటుపడిన తరువాత ఒకటొకటిగా మేల్కొనును. ఆ చిత్రములమీద పైనుండి క్రిందివరకు మట్టిచారలు దిగియున్నవి. కప్పు కురిసిన ప్రతిమారు ఒక చార. గోడలో పగుళ్లు. వీనికి తోడు ఆలయము నిలిచిన కొండయే క్రిందనుండి కోసికొనిపోవుచుండెను. కప్పు బాగుచేసినను పునాది జారినచో ప్రయోజనమేమి?

ఈ దశలో ముందుకు వచ్చినవారు గ్రామస్థులు. బాస్గో సంక్షేమ సంఘము అను పేర వారు ఒకటిగా కూడిరి. ఊరిలో లక్షాధికారులు లేరు. బార్లీ, ఆప్రికాట్, కొలది పశువులు, సైన్యములోనో ప్రభుత్వ కార్యాలయములలోనో చిన్న ఉద్యోగములు, ఇంతే వారి సంపద. న్యూయార్కులోని ప్రపంచ కట్టడముల నిధి, అపాయములో నున్న నూరు కట్టడముల 2000 సంవత్సరపు జాబితాలో బాస్గోను చేర్చెను. పేరు జాబితాకెక్కినందున డబ్బు, నిపుణుల సలహా వచ్చుటకు దారి దొరికినది. పని మాత్రము ఊరిదే. మట్టియు, రాయియు, కర్రయు స్థానికముగా దొరికినవే, చేతులును ఊరివారివే. మొదట ఆలయముల క్రింది కొండచరియను గట్టిపరచిరి. తరువాత గోడలు, అటుపిమ్మట కప్పు. కప్పు కురియకుండ నిలిచిన పిమ్మటనే చిత్రముల జోలికి పోయిరి. రోగి యింటికప్పు కారుచుండగా వైద్యుడు మందు పూసిన లాభమేమి?

పాత పద్ధతిని విడువకుండుట ఇక్కడ చాదస్తము కాదు. హిమాలయ ప్రాంతములలో మట్టిగోడకు సిమెంటు పూసి చెడగొట్టిన కట్టడములు పెక్కు ఉన్నవి. సిమెంటు గట్టిది, మట్టి మెత్తనిది. మట్టిగోడ లోపలి తేమను బయటికి వదలుచు ఊపిరి పీల్చును. సిమెంటు పూత దానిని మూసివేయును. లోపల తేమ నిలిచి, మట్టి గుల్లయై, ఒకనాడు పూత పలకలు పలకలుగా ఊడిపడును, తనతో గోడ ముఖమును తీసికొనిపోవును. గట్టిదానితో మెత్తనిదానిని బాగుచేయబోయిన ఫలితమిది. మట్టికి మందు మట్టియే.

చిత్రముల విషయమున వచ్చు తగవు ఇంకను సూక్ష్మమైనది. పరిరక్షకుని శాస్త్రము ఒకటి చెప్పును. ఉన్నదానిని శుభ్రపరచుము, ఊడుచున్నదానిని అంటింపుము, పోయినచోట నీ ఊహతో క్రొత్త బొమ్మ వ్రాయకుము. మూడు కన్నులలో ఒకటి చెరగిపోయినచో ఆ చోటును మట్టిరంగుతోనే వదలుము. భక్తుడు అట్లనడు. ముఖము లేని దేవతకు దండము ఎట్లు పెట్టవలెనని ఆతడు అడుగును. భిన్నమైన విగ్రహమును పూజింపరాదని తెలుగుదేశములోను పెద్దలు చెప్పుదురు గదా! లడఖ్‌లోని పలు ఆలయములలో ఈ ప్రశ్న వచ్చినది. కొన్నిచోట్ల ఆత్రపడి క్రొత్తరంగులు పూసి, నాలుగైదు వందల ఏండ్లనాటి పనితనమును ఒక వేసవిలో కప్పివేసిరి. పరిరక్షకుడు చెప్పునది మేలని ఒప్పుకొనవలసినదే. ఐనను ఆలయము ప్రదర్శనశాల కాదనియు, అందు దీపము పెట్టువాని మాట వినకుండ గోడను ముట్టరాదనియు ఆ భక్తుడు చెప్పిన దానిలో న్యాయము కలదు. బాస్గోలో పని చేయించుకొన్నవారును, దీపము పెట్టువారును ఒకరే. తగవును వారు తమలో తాము తీర్చుకొనవలసివచ్చెను. అది వారి అదృష్టము.

2007లో యునెస్కో సంస్థ ఆసియా, పసిఫిక్ ప్రాంతములలోని కట్టడముల పరిరక్షణకు ఇచ్చు బహుమానములలో అగ్రస్థానపు బహుమానము బాస్గో మైత్రేయాలయములకు వచ్చినది. నగరములలోని పెద్ద సంస్థలు చేసిన పనులను దాటి, మంచుకొండలలోని ఒక రైతుల ఊరు ఆ గౌరవమును పొందినది.

రాజగృహపు గోడలను మాత్రము క్రొత్తగా లేపలేదు. అవి మొండిగనే ఉన్నవి. ఈ నిర్ణయములో వివేకమున్నది. ఆలయములకు కొలువు ఉన్నది, కోటకు లేదు. కొలువులేని మట్టికట్టడమును క్రొత్తగా లేపినచో దాని కప్పుమీద ఏటేట మట్టి వేయువాడెవడు? లేహ్‌లోని రాజభవనము ఈ ప్రశ్నకు మరియొక జవాబు. అది కేంద్ర పురావస్తు శాఖ ఆధీనములో నున్నది. పడిన గోడలను, విరిగిన కప్పులను ఆ శాఖ ఏండ్లతరబడి సరిచేయించుచు వచ్చినది. నేడు యాత్రికుడు టిక్కెట్టు కొని, వంగి వంగి ద్వారములు దాటి, చీకటి మెట్లెక్కి, పైకప్పు మీదినుండి లేహ్ పట్టణమును, దూరమున స్తోక్ శిఖరములను చూడగలడు. కట్టడము నిలిచినది, అది సామాన్యమైన పని కాదు. ఐనను గదులు పెక్కు ఖాళీ. అందు పొయ్యి మండదు. ఆ భవనమున కొలువు చేయునది జీతము తీసికొను శాఖ. అట్టి శాఖ లేనినాడు ఏమగునో క్రింద పాతపట్టణములోని ఇండ్లను చూచిన తెలియును. కాపురమున్న ఇండ్లు నిలిచినవి, తాళము పడిన ఇండ్లు కూలినవి.

ఇంతలో ఆకాశము తన మాట మార్చుకొన్నది. 2010 ఆగస్టు 5వ తేదీ రాత్రి లేహ్ పరిసరములలో కుంభవృష్టి కురిసి, కొండలమీదినుండి బురదయు బండలును ఊళ్లమీదికి దిగినవి. లేహ్, చోగ్లమ్‌సర్, చుట్టుపట్ల గ్రామములలో 200 మందికి పైగా మరణించిరి. మట్టియిండ్లు తెల్లవారుసరికి బురదలో కలిసినవి. వాన ఎట్లుండునో మరచిన నేలమీద అది పడినది. శతాబ్దములుగా ఈ మట్టికట్టడము ఆకాశముతో ఒక ఒడంబడిక మీద నిలిచినది. కొంచెము మంచు, అంతకంటె కొంచెము వాన, మిగిలినదంతయు ఎండ. ఇప్పుడు వేడి పెరిగి, వాన పడవలసిన తీరు మారి, ఆ ఒడంబడిక చెడుచున్నది. మర్కలక్ పూత సన్నని జల్లును ఆపును. గంటలతరబడి కురియు వానను ఆపుటకు ఆ పూతను ఎవరును కనిపెట్టలేదు.

దీనికి భయపడి జనులు సిమెంటు ఇండ్లు, రేకుల కప్పులు కట్టుకొనుచున్నారు. వారిని తప్పుపట్టుటకు వీలులేదు. పిల్లలు నిద్రించు ఇంటిమీద ఎవరు ప్రయోగము చేయుదురు? ఐనను సిమెంటు ఇల్లు అక్కడి చలిలో మట్టియింటివలె వెచ్చగా నుండదు. అంతకంటె పెద్ద నష్టము వేరొకటి ఉన్నది. తన ఇంటికి మట్టికప్పు లేనివానికి ఆలయపు కప్పు పని తెలియదు. విల్లో కర్ర ఎంత సన్నముగా నుండవలెను, ఏ పాయలోని మట్టి జిగట, నీరు ఎంత కలుపవలెను, పూత ఏ వాలున నుండవలెను, ఇవన్నియు ఏ గ్రంథములోను లేవు. తండ్రి తన ఇంటి కప్పుమీద కొడుకుచేత చేయించి నేర్పినవి. ఆ కొడుకు ఇప్పుడు లేహ్‌లోనో, జమ్మూలోనో, ఢిల్లీలోనో చదువుకొనుచున్నాడు. చదువుకొనవలదని ఎవరు చెప్పగలరు? సెలవులకు వచ్చినప్పుడు తాతతో కలిసి కప్పెక్కునా లేదా అనునదియే ఇప్పుడు బాస్గో ఆలయములకు ముట్టడి.

కొండ ఎక్కి చంబా లఖాంగ్ వాకిట నిలిచిన యాత్రికునికి ఎదుట లోయ, వెనుక మైత్రేయుడు, ప్రక్కన పడిపోయిన రాజగృహము కనుపించును. గైడు ముట్టడి కథ చెప్పును, వచ్చినవారు ఛాయాచిత్రములు తీసికొందురు. కప్పును చూచువారు తక్కువ. చూడదలచినవారు గోడ అంచున బయటికి వచ్చిన దూలపు తలలను, వానిమీది సన్నకర్రల వరుసను, ఆపైన మందమైన మట్టిపొరను క్రిందినుండియే చూడవచ్చును. ఆ మట్టిలో ఎగువపొర దిగువపొరకంటె కొంత లేతరంగుగా నున్నచో అది ఇటీవల వేసినదని అర్థము. మంచు కరగి నేల మెత్తబడిన తరువాత, చేనిపని పూర్తిగా అందుకొనక ముందు, ఆ మట్టిని మూటలు కట్టి వీపులమీద అంత ఎత్తుకు మోసికొనిపోవలెను.